కుర్సురాలో పది నిమిషాలు

మా పెద్దనాయనను ఊళ్లో అందరూ 'నేవీ సారు' అంటారు. తొండుపల్లిలో సముద్రం ఎక్కడిది? బెంగళూరు రోడ్డు, 2008 నుంచి నెత్తిమీద విమానాలు... అంతే. ఈదడానికి చెరువు తప్ప మరోటి తెలియని వయసులో నేవీలో చేరిపోయాడాయన. 1971 యుద్ధమప్పుడు ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామిలో ఉన్నాడు.

సెలవు మీద ఇంటికొస్తే 'ఎన్ని ఓడలు ముంచినవ్?' అని అడిగేవారట. 'ఒక్కటి గూడ లేదు' అనేవాడు. నిజమే. కుర్సురా అప్పుడు అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది తప్ప ఏ ఓడనూ ముంచలేదు. విన్నవాళ్లు నవ్వేవారు. దాంతో ఆయన చెప్పడం మానేశాడు, ఇంట్లోవాళ్లకు కూడా.

2001లో నేవీ నుంచి విరమించిన కుర్సురాను మరుసటి ఏడాది విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియం చేశారు. 'చూద్దాం పద' అని నేనెన్నిసార్లు అడిగినా దాటేసిన పెద్దనాయన, పోయిన చలికాలం ఎందుకో సరేనన్నాడు.

బయట మెట్లెక్కడానికి నా భుజం పట్టుకున్నాడు. లోపల మాత్రం నా అవసరం లేకపోయింది. గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపులుంటాయి, వంగి దూరాలి. రెండోదానికే నా తల బొప్పికట్టింది. ఆయన పైన చెయ్యేసి, ముందు కాలు పెట్టి, అలా జారిపోయాడు. డెబ్బై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు!

గోడవార పడకల దగ్గర ఆగాడు. "నాది అనేటిది ఏం లేకుండె. నేను లేస్తే ఇంకొకడు పండేది. పరుపు సల్లబడకపోయేది."

"మరి స్నానం?"

"తాగేటందుకే నీళ్లు సూసి తాగుదుము. తానం ఎక్కడిది బిడ్డా?"

నీటి పైకి వస్తే డీజిల్ ఇంజన్లు నడిపి బ్యాటరీలు చార్జి చేసుకోవాలి. కిందికెళ్తే ఆ బ్యాటరీలే దిక్కు. శత్రువు చెవిన పడకుండా ఉండాలంటే చప్పుడు చెయ్యకూడదు. "చెంచా కింద పడ్డా పానం పోయినట్టుండేది. మీదికెంచి పోయే ఓడ మనదో వాళ్లదో..." అని ఆగిపోయాడు.

ఇంతలో గైడ్ తొందరపెట్టాడు. వెనక ఇంకో బృందం ఉంది మరి. ఆ గైడూ నేవీలో చేసి రిటైరైనాయనే. పెద్దనాయన తన సంగతి చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు.

బయటికొచ్చాక సముద్రం వైపు చాలాసేపు చూశాడు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ తీరంలోనే. లోపలున్న 93 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

"వాళ్లకు గూడ గసొంటి పడకలే ఉండొచ్చు" అన్నాడు. కాసేపాగి, "మేం రోజూ మునిగినం, మల్ల తేలినం. ఊళ్లె గిది ఎవరు అడగలే" అన్నాడు.

నేనూ అడగలేదు. ముప్పై దాటిన విలేకరిని. ఊరందరినీ ప్రశ్నలడగడమే నా ఉద్యోగం.

టీ తాగుదామా అంటే వద్దన్నాడు. జేబులోంచి డబ్బులు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇంకో రెండు టికెట్లు తే. ఇంజన్ల రూము సరిగ సూడనియ్యలే ఆయన."