తలకు నూనె, ఒంటికి తిండి

మా కొండ పిల్లల జుట్టుకు కింద ఊళ్లలో చాలా పేర్లు పెట్టారు. చింపిరి జుట్టు, కొబ్బరి పీచు, కాకిగూడు. బడిలోనో, బస్సులోనో, సంతలోనో ఈ మాట పడని ఆడపిల్ల మాలో తక్కువ. జుట్టు ఎర్రబారి, చివర్లు చిట్లి, పట్టుకుంటే ఎండుగడ్డిలా గరగరలాడితే చూసేవాళ్లు ఒకటే తేల్చేస్తారు: ఈ పిల్ల శుభ్రంగా ఉండదు. ఆ తీర్పు తప్పు. ఎందుకు తప్పో, ఆ జుట్టుకు ఇంట్లోనే ఏం చెయ్యొచ్చో మన పిల్లలకూ మన టీచర్లకూ చెబుదామని ఇది రాస్తున్నాను.

మేం జాతాపులం. మాది గుమ్మలక్ష్మీపురం వైపు కొండ దిగువ ఊరు. పని కోసం గరివిడి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఆవును తోలుకొచ్చిన రైతును పశువైద్యులు ఎలా మాట్లాడిస్తారో మన ఊళ్లలో చాలామంది చూసే ఉంటారు. పశువు ఒంటి మీద వెంట్రుక మెరుపు పోయి, గరుకుగా లేచి నిలబడితే ఆవు మురికిగా ఉందని ఎవరూ తిట్టరు. ఏం మేస్తోంది, దాణా ఏం పెడుతున్నారు, నట్టల మందు ఎప్పుడు తాగించారు అని అడుగుతారు. వెంట్రుక బాగోలేదంటే లోపల ఏదో తక్కువైందని వాళ్లకు తెలుసు. ఆవును అడిగే ఆ మూడు ప్రశ్నలు మన ఆడపిల్లను ఎవరూ అడగరు. ఆమె చేతికి దువ్వెన ఇచ్చి గోడ వైపు నిలబెడతారు, లేదంటే కత్తెర తెస్తారు.

వెంట్రుక సంగతి కొంచెం తెలుసుకుంటే ఈ కోపం సగం తగ్గుతుంది. మనకు కనబడే వెంట్రుకలో ప్రాణం లేదు. ప్రాణం ఉన్నది చర్మం లోపలి కుదురులో. వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి సన్నటి పొర ఉంటుంది. ఆ పొలుసులు ఒకదాని మీద ఒకటి అణిగి ఉంటే వెలుతురు పడి జుట్టు మెరుస్తుంది. అవి లేచిపోతే తడి నిలవదు, మెరుపు ఉండదు, ఒక వెంట్రుక ఇంకోదానికి తగులుకుని చిక్కు పడుతుంది. తల చర్మం కొంత నూనెను తనే ఊరిస్తుంది. తిన్నటి జుట్టులో అది చివరిదాకా సులువుగా జారుతుంది. ఉంగరాల జుట్టులో మెలికల దగ్గరే ఆగిపోతుంది. మనలో చాలామందిది ఉంగరాల జుట్టు. అది తొందరగా ఎండడం దాని స్వభావం, పిల్ల బద్ధకం కాదు.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 30 సెంటీమీటర్ల జడ చివర ఉన్న వెంట్రుక రెండున్నరేళ్ల కిందట పుట్టింది. ఆ రెండున్నరేళ్ల ఎండ, దుమ్ము, సబ్బు, ఆకలి అన్నీ దాని మీద పడ్డాయి. ఏ నూనైనా వారంలో జుట్టు మార్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పాత వెంట్రుకను కాపాడుకోవాలి, కొత్తది బాగా మొలిచేలా చూసుకోవాలి. చెయ్యగలిగేది ఈ రెండే.

ముందు నీళ్ల సంగతి. కొండ మీద గెడ్డ నీళ్లతో తలంటుకున్నంత కాలం నా జుట్టుకు ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ అద్దింటి బోరు నీళ్లకు మారాక తల జిగురుగానూ, వెంట్రుకలు పీచుగానూ తయారయ్యాయి. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంటే, సబ్బు నురగ రాకుండా ముద్దలు కడుతుంటే అది కఠిన జలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టు అవుతాయి. ఆ తెట్టే జుట్టుకు పట్టుకుంటుంది. బట్టల సబ్బుతో తల రుద్దుకునే హాస్టల్ పిల్లల జుట్టు అలా అయ్యేది అందుకే. వాన నీళ్లు దొరికిన రోజున వాటితో తలంటుకోండి. దొరకనప్పుడు చివరి చెంబు నీళ్లలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి పోసుకోండి. తెట్టు కొంత వదులుతుంది.

కుంకుడుకు ఈ తెట్టు బెడద లేదు. దాని నురగ సబ్బు నురగ కాదు, కాయ తొక్కలోని సపోనిన్ల వల్ల వచ్చేది. కఠిన జలంలోనూ అది పనిచేస్తుంది. ఎనిమిది పది కాయలు చితక్కొట్టి, గింజ తీసేసి, వేడినీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడకట్టాలి. ఎండు జుట్టుకు వట్టి కుంకుడు మరీ ఘాటు. అందుకే మా అమ్మ అందులో గుప్పెడు మందారాకు నలిపి కలిపేది. ఆ జిగురు జుట్టును మెత్తగా ఉంచుతుంది. మందారం లేకపోతే రాత్రి నానబెట్టిన మెంతులు నూరి కలపొచ్చు. శీకాయైతే కుంకుడు కంటే మెత్తన. వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు చాలు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. మరిగే నీళ్లు ఉన్న కాస్త నూనెనూ లాగేస్తాయి.

తలంటుకు గంట ముందు నూనె. "ఏటే ఆ తల, నూనె మొకం సూసి ఎన్నాళ్లయినాదే?" అని మా అమ్మ ఆదివారం పొద్దున్నే మొదలెట్టేది. ఇంట్లో ఇప్పనూనె ఉండేది. చలికాలంలో అది నెయ్యిలా గడ్డకడితే ఎండలో పెట్టి కరిగించేది. ఇప్పనూనె లేనివాళ్లకు నువ్వుల నూనో, కొబ్బరినూనో సరిపోతుంది. ఆముదం చిక్కన, కాబట్టి ఒక వంతు ఆముదానికి మూడు వంతులు కొబ్బరినూనె కలపండి. కుదుళ్ల కంటే చివర్లకు ఎక్కువ రాయండి, ఎండింది అక్కడే. తలంటుకున్నాక తువ్వాలుతో బాదొద్దు, ఒత్తి తుడవాలి. తడి జుట్టును సన్న పళ్ల దువ్వెనతో లాగొద్దు. వెడల్పు పళ్ల దువ్వెనతో కింద నుంచి పైకి చిక్కు తీసుకుంటూ రావాలి.

పేల గురించి ఒక మాట, ఇది ప్రాణం మీది సంగతి. కొన్ని ఊళ్లలో పేలు పోవాలని తలకు కిరసనాయిలు రాస్తారు, పొలానికి కొట్టే పురుగుమందు కూడా రాస్తారు. ఆ పని ఎప్పుడూ చెయ్యకండి. పురుగుమందు తల చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది, ప్రాణం పోవచ్చు. కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, పొయ్యి దగ్గర నిప్పంటుకుంటుంది. తడి జుట్టుకు నూనె పట్టించి, పేల దువ్వెనతో మూడు రోజులకోసారి పాయ పాయగా దువ్వుతూ రెండు మూడు వారాలు వదలకుండా చెయ్యాలి. గదిలో ఉన్న పిల్లలందరికీ ఒకేసారి చెయ్యాలి. ఒక్క పిల్లను వేరుగా కూర్చోబెడితే పేలు పోవు, ఆ పిల్ల బడికి రావడం మానేస్తుంది.

ఇదంతా పైపై పని. అసలు పని కంచంలో ఉంది. వెంట్రుక అంటేనే మాంసకృత్తు. తిండిలో అది మరీ తగ్గినప్పుడు నల్ల జుట్టు ఎర్రబారి, పలచబడి, తేలిగ్గా ఊడివస్తుంది. రక్తంలో ఇనుము తగ్గినా జుట్టు రాలుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ఎండు జుట్టుతో పాటు పిల్ల ఆయాసపడుతుంటే, కనురెప్ప లోపల పాలిపోయి ఉంటే నూనె సీసా కొనే ముందు రక్తపరీక్ష చేయించండి. 12 ఏళ్లు దాటిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. బడిలో వారం వారం ఇచ్చే ఇనుము మాత్రను పిల్లలు కిటికీలోంచి పారేస్తుంటారు. అన్నం తిన్నాక మింగిస్తే కడుపులో తిప్పడం తగ్గుతుంది. ఆ పూట టీ ఇవ్వకండి, ఇనుము ఒంటికి పట్టదు. ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నట్టల మాత్ర కూడా జుట్టుకు మందే.

మన తిండిలోనే చాలా ఉంది. చోడంబలి, ఉలవచారు, కందులు, మునగాకు, నువ్వులు, గుడ్డు, గెడ్డ చేప. ఇవి పేదోళ్ల తిండి అని పిల్లలు సిగ్గుపడి నూడుల్స్ ప్యాకెట్ల వైపు వెళ్తున్నారు. చోడంబలి తాగొచ్చానని పిల్ల చెప్పినప్పుడు క్లాసులో ఎవరూ నవ్వకుండా చూసే టీచరు, ఆ పిల్ల జుట్టుకు కూడా మేలు చేసినట్టే.

ఇంకొక లెక్క చూడండి. కుంకుడు, శీకాయ, ఉసిరి, ఇప్ప అన్నీ మన అడవివే. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ చాలా ఏళ్లుగా మన దగ్గర అటవీ ఫలసాయం కొంటోంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఫలసాయం మీద మనకు హక్కు ఇచ్చింది. అయినా మన ఇళ్లలో శీకాయ ఉండదు. మూట కట్టి సంతకు పంపేస్తాం, వచ్చిన డబ్బులతో శీకాయ బొమ్మ ఉన్న షాంపూ ప్యాకెట్ కొంటాం. షాంపూ విషం కాదు, తొందరలో ఉన్నవాళ్లకు పనికొస్తుంది. కానీ మన అమ్మలకు తెలిసిన తలంటు మన పిల్లలకు రాకుండా పోతే, ఆ ప్యాకెట్ తప్ప వాళ్లకు ఇంకో దారి ఉండదు.

ఈ ఏడు కాయ ఏరినప్పుడు సంత గోనె మూతి కట్టే ముందు ఇంటికని నాలుగు దోసిళ్లు తీసి పక్కన పెట్టండి. కుంకుడు, శీకాయ బాగా ఎండబెట్టి డబ్బాలో వేస్తే ఏడాది నిలవుంటాయి. హాస్టల్‌కు వెళ్లే పిల్ల సంచిలో ఒక పొట్లం కట్టి పెట్టండి, ఎలా వాడాలో కూడా చెప్పి పంపండి.