పోర్టుల పొందిక

స్విచ్చి యనగానే మనకు గోడమీద దీపము వెలిగించునది స్ఫురించును. మేము చెప్పబోవునది అది కాదు. కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపు ఈథర్నెట్ స్విచ్చి. చూచుటకు చిన్న రేకుపెట్టె. ముందువైపున వరుసగా చదరపు రంధ్రములుండును. వానికే పోర్టులని పేరు. ఒక్కొక్క పోర్టున ఒక్కొక్క కేబులు చేరును. పోర్టు ఎంత వేగమున, ఏ తీరున పనిచేయవలెనో మనము నిర్ణయింపవచ్చును. ఆ నిర్ణయములోని చిన్న పొరపాటొకటి ఒక ఆడపిల్ల జీవనమునకే ముప్పు తెచ్చినందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మావారు పనిచేయు పాఠశాలలో కంప్యూటరు గదియందొకటి, ఆఫీసు గదియందొకటి స్విచ్చిలు గలవు. రెంటికి నడుమ ఒక కేబులు. విద్యార్థుల ఉపకారవేతనపు దరఖాస్తులను ఆఫీసులోని అమ్మాయి పంపవలెను. ఆమె తండ్రి లేని పిల్ల. ఆ జీతముతోనే తల్లిని పోషించుచున్నది. గడువు నాలుగు దినములుండగా పని నత్తనడక పట్టెను. చిన్న సందేశము వెంటనే పోవును. ఫోటోలతో కూడిన దరఖాస్తు గంట గడచినను కదలదు. "అమ్మాయికి పని రాదు, వేరొకరిని చూడవలె" నని కొందరనిరి. ఆమె మా యింటికి వచ్చి, "పిన్నిగారూ, పోర్టు దీపము వెలుగుచునే యున్నది. తప్పెక్కడనో తెలియకున్నది" అని కన్నీరు పెట్టుకొనెను.

ఆ రాత్రి మే మిరువురము స్విచ్చితో వచ్చిన పుస్తకమును ముందుంచుకొని చదివితిమి. ఈథర్నెట్టుకు 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్కాఫ్ అంకురార్పణ చేసెను. ఆనాడు అందరికిని ఒకే తీగ. ఒకరు పలుకునపుడు తక్కినవారు వినవలెను. ఇరువు రొక్కమారు పలికినచో మాటలు ఢీకొని చెడును, మరల చెప్పవలెను. ఇట్లు వంతులవారీగ సాగు తీరును హాఫ్ డూప్లెక్స్ అందురు. చెప్పుటయు వినుటయు నొకేసారి సాగునది ఫుల్ డూప్లెక్స్. 1995లో వచ్చిన నిబంధనల ప్రకారము పోర్టులను ఆటోయందుంచినచో, రెండు కొనలును తమ శక్తిని పరస్పరము తెలుపుకొని, ఇరువురికిని కుదిరిన వానిలో ఉత్తమమైనదానిని గైకొనును.

అయితే ఒక కొనను 100 మెగాబిట్ల వేగమునకును ఫుల్ డూప్లెక్సునకును చేతితో బిగించి, రెండవకొనను ఆటోయందే విడిచిన నేమగును? బిగించిన పోర్టు సాధారణముగ సంప్రదింపు మానును. ఆటో పోర్టు సంకేతమును బట్టి వేగమును గ్రహించును గాని, తీరును గ్రహింపజాలదు. అట్టియెడల హాఫ్ డూప్లెక్సే పట్టవలెనని నిబంధన. దీపము వెలుగును, చిన్న మాట పోవును. బరువు పెరిగినకొలది ఒకరు ఆగక పలుకుదురు, రెండవవారు ఢీకొన్నదని తలచి మాటిమాటికి మాటను విరమింతురు.

మరునాడు ప్రధానోపాధ్యాయుల అనుమతితో స్విచ్చిల లెక్కలు చూచితిమి. కంప్యూటరు గది పోర్టును ఎవరో, వేగము పెరుగునని కాబోలు, 100కు బిగించియుండిరి. ఆఫీసు పోర్టు ఆటోయందే యున్నది. అచ్చట లేట్ కొలిజన్లు, ఇచ్చట సీఆర్సీ తప్పులు వేలకొలది! అమ్మాయి చేతనే రెండు కొనలను ఆటోకు మార్పించితిమి. క్షణములో 1000 మెగాబిట్లు, ఫుల్ డూప్లెక్సని తెరపై కనబడెను. సేవ్ చేయనిచో కరెంటు పోయిరాగానే పాత అమరికయే వచ్చునని చదివియుంటిమి గనుక, రెంటను సేవ్ చేయించితిమి. ఏ పోర్టు కేబులు ఎచ్చటికి పోవునో ఆమె ఒక నోటు పుస్తకమున వ్రాసికొనెను. దరఖాస్తులన్నియు గడువునకు ఒక దినము ముందే పోయినవి. ఆమె ఉద్యోగము నిలిచెను.

పూర్వపదము, పరపదము రెండును చూడక సంధి చెప్పరాదని మాకు చిన్ననాడు నేర్పిరి. కేబులుకును రెండు కొనలున్నవి. ఎదుట కూర్చున్న పిల్లను నిందించుటకు ముందు, కంటికి కనబడని రెండవకొనను కూడ చూచుట మన ధర్మము.