థర్మామీటరునకు అందని వేడి

గత సంక్రాంతికి మేము అరిసెల పాకము పట్టుచుండగా మా అమ్మాయి పొయ్యిచెంత కూర్చుండి, "అమ్మా! థర్మామీటరు లేకయే పాకము కుదిరినదని నీకెట్లు తెలియును?" అని యడిగెను. నీళ్లలో పాకపుచుక్క వేసి, అది వ్రేళ్లకు ఉండయైనచో చాలునంటిమి. "అట్లయిన లక్షల కోట్ల డిగ్రీల వేడిని కొలుచువారును నీవంటివారే" అని నవ్వెను. పరిహాసమని కోపగించితిమి. విశాఖపట్టణము పోయి భౌతికశాస్త్రము చదివెదనని అది కోరగా, ఆడపిల్లకు ఇల్లు విడిచి యంత దూరపు చదువేలయని మేమే అడ్డుపడియుంటిమి.

ఆ రాత్రి మా వారు సంగతి వివరించిరి. అమెరికాలో న్యూయార్కునకు సమీపమున బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలయందు, 2000వ సంవత్సరము మొదలు, బంగారు పరమాణు కేంద్రకములను కాంతివేగమునకు మిక్కిలి చేరువయగు వేగమున ఎదురెదురుగా ఢీకొట్టించిరి. ఆ తాకిడికి ప్రోటానులు, న్యూట్రానులు కరగి, వాని లోపలి క్వార్కులు, గ్లువానులు ద్రవమువలె కలసిపోవును. సృష్ట్యాదిని కొన్ని మైక్రోసెకనులపాటు విశ్వమంతయు నిట్లే యుండెనని శాస్త్రజ్ఞుల మతము. ఆ నిప్పుముద్ద పరమాణువుకంటె నెంతో చిన్నది. రెప్పపాటులో కోట్ల కోట్లవ వంతు కాలమైనను నిలువదు. అందులో ఏ థర్మామీటరును ముంచగలము?

కావున వెలుగును జూతురు. కమ్మరికొలిమిలో ఇనుము కాగినకొలది ఎరుపు, పసుపు, తెలుపు అగుట మనమెరిగినదే. అట్లే ఆ ద్రవమునుండి ఎంతెంత శక్తిగల కాంతికణములు ఎన్నెన్ని వచ్చెనో లెక్కించి వేడిని తేల్చుదురు. కాంతికణములు దారిలో చిక్కుపడక వెలికి వచ్చును గనుక లోపలి కథ చెప్పును. తక్కిన కణములు తుదివరకు ఒండొంటిని రాచుకొనుచు, చల్లారినప్పటి సంగతినే యెక్కువగా తెలుపును.

చిక్కులు రెండు గలవు. ముద్ద చల్లారిన పిదప కొన్ని కణములు విచ్ఛిన్నమగుటచే పుట్టు వెలుగే అసలు వెలుగుకంటె మిక్కుటము. బియ్యములో రాళ్లవలె దానిని ఏరివేయవలెను. మరియు ఆ ముద్ద ఉబ్బుచు మనవైపునకు వచ్చుచుండుటచే ఉన్నదానికంటె వేడిగా తోచును. మా కడియము స్టేషనులో ఆగక దూసుకొనిపోవు రైలు కూత దగ్గరకు వచ్చునపుడు హెచ్చు శ్రుతిలోను, దాటిపోగానే తగ్గు శ్రుతిలోను వినబడుట యిట్టిదే.

ఇన్నియు లెక్కించి 2010లో ఆ వేడి సుమారు 4 లక్షల కోట్ల డిగ్రీలని ప్రకటించిరి. ఒకటిన్నర కోటి డిగ్రీల సూర్యగర్భమునకు ఇది రమారమి రెండున్నర లక్షల రెట్లు! 2012లో జెనీవా చెంత సెర్న్ వారు, సీసపు కేంద్రకములతో అంతకంటె హెచ్చు వేడిని గాంచినట్లు తెలిపిరి.

నాయనగారి అరుగుమీద భాగవతము చదువుకొన్న మాకు ప్రళయాగ్ని పురాణములలోనిదే. కాని నేటి పశ్చిమగోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో జన్మించిన స్వామి జ్ఞానానందులు, సన్న్యాసియయ్యును, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర శాఖకు మూలపురుషులైరని మా వారు చెప్పగా, మేము మారు పలుకలేకపోతిమి. సన్న్యాసికి తగిన విద్య గృహస్థుల ఆడపిల్లకు తగదా?

జ్యేష్ఠమాసములో అమ్మాయి విశాఖపట్టణమునకు ప్రయాణమైనది. పెట్టెలో అరిసెల డబ్బా మేమే సర్దితిమి. నాటి పాకము మాత్రము, మనస్సు నిలువమిచే, కొంచెము ముదిరినది.