కలిపే నీళ్లు... తీసే నీళ్లు

ఫ్లోరైడ్... ఈ మాట మా ఇంట్లో రెండు రకాలుగా వినిపిస్తుంది.

మా అక్క అమెరికాలోని మిషిగన్‌లో ఉంటుంది. ఫోన్ చేసినప్పుడల్లా ‘పాపకు ఫ్లోరైడ్ పేస్టే వాడుతున్నావా? లేకపోతే పళ్లు పుచ్చిపోతాయే’ అంటుంది. మా అత్తయ్యది నల్గొండ జిల్లా, మునుగోడు వైపు. ఆ పేరు వింటేనే ఆమె ముఖం మారిపోతుంది. ‘మా ఊళ్ల మనుషుల నడుములు వంచింది అదే. గా పేస్టు పిల్లకెందుకు బిడ్డా?’ అంటుంది. ఇద్దరూ కోరేది మా ఆరేళ్ల పాప మేలే. మరి ఎవరి మాట వినాలి?

అక్క మాటకు ఆధారం ఆమె ఉండే రాష్ట్రంలోనే ఉంది. 1945 జనవరిలో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ నగరం తన మంచినీటిలో ఫ్లోరైడ్ కలిపింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి ఊరు అదే. పదేళ్లు దాటేసరికి ఆ నీళ్లతో పెరిగిన పిల్లల్లో పుచ్చుపళ్లు 60 శాతానికి పైగా తగ్గాయి. పంటి పైపొరలోని ఖనిజంతో ఫ్లోరైడ్ కలిస్తే ఆ పొర గట్టిపడుతుంది. నోట్లో తయారయ్యే ఆమ్లాలకు అంత తేలిగ్గా కరగదు. ఖర్చూ తక్కువే. పేదా గొప్పా తేడా లేకుండా కుళాయి తిప్పిన ప్రతి ఇంటికీ అందుతుంది.

అయితే అక్కడా గొడవ ఆగలేదు. ‘నా నీళ్లలో నన్ను అడక్కుండా మందు కలపడమేంటి?’ అనేవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. 2015లో అమెరికా ప్రభుత్వం ఆ మోతాదును లీటరుకు 0.7 మిల్లీగ్రాములుగా ఖరారు చేసింది. అంతకుముందు 1.2 దాకా ఉండేది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన చోట పిల్లల ఐక్యూ తగ్గడానికీ ఫ్లోరైడ్‌కూ సంబంధం కనిపిస్తోందని 2024లో అక్కడి ప్రభుత్వ సంస్థే నివేదిక ఇచ్చింది. 0.7 దగ్గర అలాంటి హాని ఉందని మాత్రం అది తేల్చలేదు. ఇప్పుడు అందరూ ఫ్లోరైడ్ పేస్టులు వాడుతుండటంతో నీళ్లలో కలపడం వల్ల వచ్చే లాభం మునుపటంత లేదనీ అదే ఏడాది మరో సమీక్ష చెప్పింది. 2025లో యూటా రాష్ట్రం నీళ్లలో కలపడాన్నే నిషేధించింది. కెనడాలోని కాల్గరీ నగరానిది ఇంకో కథ. 2011లో మానేసి, పిల్లల పళ్లు పాడవుతున్నాయని 2025లో మళ్లీ మొదలుపెట్టింది!

ఇక అత్తయ్య మాట. మన దగ్గర ఎవరూ కలపక్కర్లేదు. ఆ పని రాళ్లే చేస్తాయి. గ్రానైట్‌లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరిగి భూగర్భజలంలో కలుస్తుంది. బోరు లోతుకు పోయేకొద్దీ అది పెరిగే అవకాశం ఎక్కువ. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు 1937లోనే గుర్తించారు. మోతాదు మించితే పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. వంగిన నడుము మళ్లీ లేవదు. మందు లేదు. ఎండలో పనిచేసే మనిషి రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతాడు కదా, ఆ మేరకు విషమూ ఎక్కువే దిగుతుంది.

ఈ గోడు వినిపించడానికే 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది బరిలోకి దిగారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. పోలింగే వాయిదా పడింది. ఆ జిల్లా పేరుతోనే పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తీసే ‘నల్గొండ పద్ధతి’ వచ్చింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ నదీజలాలను ఆ ఊళ్లకు తెచ్చాక కొత్త తరానికి ఊపిరాడింది.

అంటే అక్కదీ నిజమే, అత్తయ్యదీ నిజమే. తేడా అంతా మోతాదులోనే. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు. వేరే దిక్కు లేకపోతే 1.5. దానికి రంగు, రుచి, వాసన ఉండవు. కాచినా పోదు. పైగా నీరు ఆవిరైపోయి మిగిలిన దాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. పరీక్ష చేయిస్తేనే తెలిసేది.

మేముండేది రాజేంద్రనగర్‌లో. మా అపార్ట్‌మెంట్‌లో తాగడానికి నల్లా నీళ్లు, వాడకానికి బోరు, ఎండాకాలం ట్యాంకరు. ఈ ఇంటి గొడవ తేల్చుకుందామని రెండు సీసాల్లో నీళ్లు పట్టి ల్యాబ్‌లో ఇచ్చాను. నల్లా నీళ్లకు ఢోకా లేదు. బోరు నీళ్లలో మాత్రం 1.5 దాటింది. మేం తాగేది నల్లా నీళ్లే కాబట్టి పాపకు ఫ్లోరైడ్ పేస్టే ఖాయం చేశాం. అదీ బఠాణీ గింజంత, మింగకుండా ఉమ్మేసేలా పక్కన నిలబడి!

రిపోర్టు చదివి వినిపిస్తే అక్క సంతోషించింది. అత్తయ్య మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేసింది. ‘మరి వాచ్‌మన్ పిల్లలు ఏ నీళ్లు తాగుతున్రు?’

వాళ్ల గది మోటారు పక్కనే. అక్కడ ఉన్నది బోరు పంపు ఒక్కటే. పెద్దోడికి ఐదేళ్లు, చిన్నదానికి మూడు. పళ్ల మీద ఆ మచ్చలు పడేది ఎనిమిదేళ్లలోపు తాగిన నీళ్లను బట్టే.

ఆ ఆదివారం అసోసియేషన్ మీటింగులో రిపోర్టు బల్ల మీద పెట్టాను. ‘ఇన్నాళ్లూ తాగారుగా, ఏమైంది?’ అని ఒకాయన అన్నారు. మీటింగులకెప్పుడూ రాని అత్తయ్య లేచి, తన ఊళ్లో బిగుసుకుపోయిన మోకాళ్ల గురించి రెండే రెండు మాటలు చెప్పారు. ఇంకెవరూ మాట్లాడలేదు.

వారంలో నల్లా సంపు నుంచి వాచ్‌మన్ గదికి పైపు వేశారు. దానికైన ఖర్చు ఒక వాటర్ ఫిల్టరు ధర కన్నా తక్కువే. మీ అపార్ట్‌మెంట్‌లోనూ బోరు నీళ్లు ఓ సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. ఇచ్చేముందు, ఆ నీళ్లు తాగుతున్నది ఎవరో కూడా ఒకసారి కిందికి దిగి చూడండి.