నోటీసు బోర్డు మీది కాయితాలు

తెలంగాణలోని తిరుమలగిరికి సర్పంచ్ లేడు. 2018లో మున్సిపాలిటీ అయింది కనుక అక్కడ కౌన్సిలర్లే. సర్పంచ్ ఎన్నికల సందడంతా మండలంలోని చుట్టుపక్కల ఊళ్లది. 2025 డిసెంబరులో ఆ ఊళ్లకు వెళ్లాను. కొందరు డిగ్రీ పిల్లలు ఒక రిటైర్డ్ టీచరు వెంట తిరుగుతూ, అభ్యర్థుల వివరాలు రాసుకుంటున్నారని విని, ఆ పనేమిటో చూద్దామని.

పని చిన్నదే. నామినేషన్‌తో పాటు అభ్యర్థి ఇచ్చిన ప్రమాణపత్రాన్ని నోటీసు బోర్డు మీద చూసి ఫోనులో ఫొటో తీస్తారు. అందులోని చదువు, కేసులు, ఆస్తులు, అప్పులు ఊరికొక కాయితం మీదికి ఎక్కిస్తారు. పేర్ల వరస అక్షరక్రమంలో.

మరి పార్టీ? పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. ఉంగరం, కత్తెర, బ్యాట్ లాంటివే. అయినా ఎవరు ఎవరి మనిషో ఊరంతటికీ తెలుసు. "పేరు పక్కన పార్టీ రాద్దాం సార్, దాపరికమెందుకు?" అన్నాడొక అబ్బాయి. "వాళ్లు సంతకం పెట్టిన కాయితంల లేనిది మన కాయితంల ఉండొద్దు" అన్నారు టీచరు. నిష్పక్షపాతం గురించి ఇంతకంటే పనికొచ్చే సూత్రం నేను వినలేదు.

కాసేపటికే దాని బలమూ తెలిసింది. ఒకాయన బండి దిగి, "మావోని అప్పులెందుకు రాసిన్రు?" అని గద్దించాడు. "మేం రాయలే బావా, మీరే రాసిచ్చిన్రు" అంది ఒకమ్మాయి. ఆయన కాయితం లాక్కుని, ఎదుటి అభ్యర్థి అప్పులు కూడా చదువుకుని వెళ్లిపోయాడు.

ఒక ఇంట్లో కాయితం చదివి వినిపించబోతే ఒక అవ్వ, "ఆ పిలగాడు నా కండ్ల ముందర పుట్టిండు, నాకు కొత్తగ ఏం జెప్తవ్ బిడ్డా?" అంది. అయినా చదివించుకుంది. విన్నాక, "గంత అప్పున్నోడు ఓట్లకు పైసలు యాడికెల్లి తెస్తుండు?" అని అడిగింది. ఐదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు లక్షన్నర దాటకూడదు. ఊళ్లో మనిషి కులం, చుట్టరికం, గుణం అందరికీ తెలిసినవే. తెలియనిది లెక్క. అవ్వ సరిగ్గా అక్కడే వేలు పెట్టింది.

అభ్యర్థి వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కని సుప్రీంకోర్టు 2002 మే 2న తీర్పిచ్చింది. ఆ కేసు వేసిన ఏడీఆర్ సంస్థ ఎంపీల, ఎమ్మెల్యేల ప్రమాణపత్రాలను విడమరిచి అందరికీ అందుబాటులో ఉంచుతోంది. సర్పంచులకు అలాంటి ఏర్పాటు లేదు. ఉపసంహరణ గడువుకీ పోలింగుకీ మధ్య మిగిలేది వారం. ఆ వారంలో ఎన్ని ఊళ్లు తిరగగలరు? పదవిని వేలం పాడి ఏకగ్రీవం చేసుకున్న చోట ఈ కాయితమూ ఉండదు, ఓటూ ఉండదు. అది ఐకమత్యమంటే నేనొప్పుకోను.

2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు తెలంగాణ పల్లెల్లో ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. ఎన్నికైన పాలకవర్గాలు లేవని కేంద్రం ఆర్థిక సంఘం నిధులు ఆపింది. అంత ఎదురుచూసి తెచ్చుకున్న సర్పంచ్ గురించి ఒక పేజీ చదవడం బరువేమీ కాదు.

ఫలితం వచ్చిన 45 రోజుల్లో, గెలిచినవారైనా ఓడినవారైనా ఖర్చుల లెక్క అప్పగించాలి. మీ ఊళ్లో అప్పగించారో లేదో మండలాఫీసుకు వెళ్లి అడగండి.