రాజుగారికి తీరికుంటే...

మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతోంది. పాఠం ఎవరికైనా పైకి చెబితేగాని దానికి గుర్తుండదట. మధ్యాహ్నంపూట మా గోలేటి క్వార్టర్‌లో దొరికేది నేనొక్కదాన్నే కదా! అలా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మాక్‌బెత్ నాటకం విన్నాను.

షేక్‌స్పియర్ దీన్ని 1606 ప్రాంతంలో రాశాడట. 1040 నుంచి 1057 దాకా స్కాట్లండును ఏలిన మాక్‌బెత్ అనే రాజు నిజంగానే ఉన్నాడు గాని, నాటకంలో కథ వేరు. నువ్వు రాజువవుతావని మంత్రగత్తెలు చెప్పగానే ఈ సేనాపతి, ఇంటికి చేరకముందే భార్యకి ఉత్తరం రాస్తాడు. తర్వాత అతను వెనకాడితే ఆవిడే దెప్పి, పౌరుషం రెచ్చగొట్టి, ఇంటికి అతిథిగా వచ్చిన రాజుని చంపిస్తుంది.

"మన కైకేయి లాంటిదన్నమాట" అన్నాను.

"కైకేయి కొడుకు కోసమమ్మా. ఈమె మొగుని కోసం" అంది అమ్మాయి.

అంతవరకూ ఆవిణ్ణి తిట్టుకుంటూనే విన్నాను. పట్టాభిషేకమయ్యాక ఓ చిన్న ముక్క వస్తుంది. రాణి నౌకరుని పిలిచి, రాజుగారికి తీరికుంటే నాలుగు మాటలు మాట్లాడాలని కబురంపుతుంది. చూశారూ! కట్టుకున్న మొగుడితో మాట్లాడ్డానికి నౌకరు చేత కబురు! ఆయనగారేమో తోటి సేనాని బాంకోని చంపడానికి అప్పటికే మనుషుల్ని పెట్టి, ఆ సంగతి నీకిప్పుడెందుకులెమ్మని ముద్దుగా బుజ్జగిస్తాడు.

చిక్కుడుకాయ నా చేతిలోనే ఉండిపోయింది.

మా వారు మైనింగ్ సర్దార్‌గా ఉన్న రోజుల్లో, షిఫ్టు దిగి వస్తే స్నానానికి నీళ్ళు తోడేలోగా గని సంగతులన్నీ చెప్పేసేవారు. పైకప్పు ఎక్కడ చప్పుడు చేసిందో, ఎవరు ఎవరిమీద అలిగారో. నేనేనాడూ గని దిగలేదు గాని, దాని దారులన్నీ నాకు తెలుసు. ఓవర్‌మన్ పరీక్ష రాయమని వెంటపడింది నేనే. ఆ తర్వాత సెకండ్ క్లాస్ సర్టిఫికెట్టు. "పక్కింటాయన పాసయ్యిండు, మీకేమైంది?" అని దెప్పిందీ నేనే. పుస్తకాలకి నా గాజులు కుదువపెట్టాం. ఆయన అండర్ మేనేజర్ అయ్యారు, క్వార్టర్ పెద్దదయింది. ఇప్పుడేమైనా అడిగితే "నీకెందుకే ఇవన్నీ, మంచిగ పండుకో" అంటారు. ప్రేమగానే అంటారు సుమండీ.

చివరికా రాణి నిద్రలో నడుస్తుంది. చేతుల నెత్తురు కడుక్కునే సంగతి అందరూ చెప్పుకునేదే. నాకు పట్టింది దాసీ చెప్పే మాట. ఆవిడ నిద్రలోనే లేచి, కాగితం తీసి, ఏదో రాసి, చదువుకుని, ముద్రవేసి మళ్ళీ పడుకుంటుందట. ఎవరికి రాసిందో చెప్పలేదు. ఆయనకేనని నా అనుమానం. ఆవిడ పోయిందని తెలిసినా ఏడవడానికి ఆయనకి తీరిక లేదు.

2003లో విశాల్ భరద్వాజ్ ఈ కథనే ‘మక్బూల్’ అని హిందీలో తీశాడు. మన హైదరాబాదులో పుట్టిన టబు బాగా చేసింది గాని, అందులో వాళ్ళు మొగుడూ పెళ్ళాలు కారు. నాకు కావలసిన ముక్క అక్కడ దొరకలేదు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మా వారికి కథంతా చెప్పాను. నౌకరు కబురు దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"నన్నే అంటున్నవా?"

"మిమ్మల్ని కాదు. ఆ రాజుగారిని."

చారు పోసుకున్నారు, కలిపారు, తినలేదు. "మొన్న ఒక పిలగాని మీద రిపోర్టు రాసిన. నాతోని సర్దార్ చేసినాయన కొడుకే" అన్నారు.

ఈయన పరీక్షకి చదివే రోజుల్లో ఆ ఇంటినుంచే మాకు కూర గిన్నె వచ్చేది. గరిటె పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"ఏం రాసిన్రు?" అన్నాను.