కత్తెరకు లొంగే హాలీ

హాలీ అనగానే క్రిస్మస్ కార్డుల మీద ఎర్రటి పళ్లు, ముళ్లంచు ఆకులు గుర్తొస్తాయి. అది యూరప్ హాలీ. జపాన్ హాలీ దాని దాయాదే అయినా ముళ్లు ఉండవు, పళ్లు నల్లనివి. శాస్త్రనామం ఇలెక్స్ క్రెనేటా. జపాన్, కొరియా, తూర్పు చైనా, తైవాన్ దీని స్వస్థలాలు. ఆకు పొడవు ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు, అంచున సన్నని నొక్కులు, వెనక్కి తిప్పి చూస్తే చిన్న చిన్న చుక్కలు. దూరం నుంచి చూసి బాక్స్‌వుడ్ అనుకునేవారే ఎక్కువ. కొమ్మను చేతిలోకి తీసుకుంటే సందేహం తీరిపోతుంది. బాక్స్‌వుడ్ ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి, హాలీ ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటుగా వస్తాయి.

జపాన్ తోటమాలులు ఈ పొదను తరతరాలుగా మేఘాల్లాగా, గుట్టల్లాగా మలుస్తున్నారు. 1990లలో ఇంగ్లండ్‌లో బయటపడిన బాక్స్‌వుడ్ ఎండుతెగులు 2011లో అమెరికాకు కూడా చేరాక, బాక్స్‌వుడ్ స్థానంలో జపాన్ హాలీని నాటడం పెరిగింది. న్యూజెర్సీ, వర్జీనియా ప్రాంతాల్లో తెలుగువారి ఇళ్ల ముందు కిటికీల కింద గుండ్రంగా కనిపించే పచ్చటి పొదల్లో ఇదీ ఒకటి. సున్నాకు దిగువన 20 డిగ్రీల చలినైనా ఓర్చుకుంటుంది గానీ, తెలుగునాట మే నెల ఎండలు దీనికి పడవు. అక్కడ ఇలా కత్తిరించి పెంచడానికి దురంతా, కామినీ మొక్కలు వాడుతున్నారు.

చిన్న జాగాకు ‘హెలెరి’ రకం మేలు. నిదానంగా పెరిగి మూడు నాలుగు అడుగుల దగ్గర నిలుస్తుంది, ఎత్తుకన్నా వెడల్పు ఎక్కువ. జపాన్‌లోని దైసెన్ కొండ మీద 1985లో దొరికిన ‘స్కై పెన్సిల్’ దీనికి పూర్తిగా విరుద్ధం. ఎనిమిది అడుగులు పెరిగినా రెండు మూడు అడుగుల వెడల్పు దాటదు.

ఈ మొక్క బాగోగులు తేలేది నేల కిందే. వేర్లు సన్నగా, గుబురుగా, పైపైనే పాకుతాయి. వాటికి కాస్త పులుపు స్వభావమున్న నేల, అంటే పి.హెచ్. 5 నుంచి 6.5 లోపు ఉన్నది కావాలి. తేమ ఉండాలి గానీ నీరు నిలవకూడదు. బంకమట్టిలో నీరు ఆగితే నల్ల వేరుకుళ్లు పడుతుంది. ఆకులు పాలిపోతాయి, కొమ్మలు ఒక్కొక్కటే ఎండుతాయి. అలాంటి మొక్కకు ఎరువు వేసి లాభం లేదు. అది పోయిన చోట మళ్లీ అదే జాతిని నాటడమూ మంచిది కాదు. అందుకే కొనేటప్పుడు ఆకుల నిగనిగ చూసి మురిసిపోకుండా కుండీలోంచి మొక్కను మెల్లగా పైకి తీసి వేర్లు చూడాలి. తెల్లగా ఉంటే ఆరోగ్యం, నల్లబడి ఉంటే వదిలేయడమే.

గోడ పక్కన నాటేవారికి ఇంకో చిక్కుంది. సిమెంటు పునాది నుంచి సున్నం కొద్దికొద్దిగా మట్టిలోకి దిగి పులుపును విరిచేస్తుంది. దాంతో మొక్కకు ఇనుము అందదు. ఈనెలు పచ్చగా ఉండి, వాటి నడుమ ఆకు పసుపెక్కడం దీని గుర్తు. చూరునీళ్లు పడే చోటైతే వేరుకుళ్లు బెడద కూడా తోడవుతుంది. గోడకు రెండు మూడడుగులు జరిపి నాటితే ఈ రెండూ చాలావరకు తప్పుతాయి.

గుంత వేరుముద్దకు రెండు మూడు రెట్లు వెడల్పుగా ఉండాలి, లోతు మాత్రం వేరుముద్ద అంతే. మొదలు నేలమట్టానికి ఒక అంగుళం పైన ఉన్నా ఫర్వాలేదు, కిందికి పోకూడదు. పైన రెండంగుళాల మందాన చెక్కపొట్టు పరిస్తే చాలు, కాండానికి తగలనివ్వకూడదు. మొదటి రెండేళ్లు వేసవిలో నీళ్లు తప్పనిసరి. ఆ పొడి వేడిలోనే ఆకుల వెనుక నల్లి చేరి రంగు చెడగొడుతుంది. నీళ్లు గట్టిగా చిమ్మితే చాలావరకు రాలిపోతుంది.

కత్తిరింపు దీనికి పెద్ద గండం కాదు. చలికాలం చివర, చిగురు విడవకముందు ఒకసారి గట్టిగా, నడివేసవిలో తేలిగ్గా మరోసారి చేస్తే ఆకారం నిలుస్తుంది. శరత్కాలంలో కత్తెర పట్టరాదు. అప్పుడు వచ్చే లేతచిగురు తొలి మంచుకే మాడిపోతుంది. కంచెగా పెంచితే అడుగుభాగం వెడల్పుగా, పైభాగం సన్నగా ఉండాలి. లేకుంటే కింది కొమ్మలు వెలుగందక బోసిపోతాయి. పైపైన కోస్తూ పోతే వెలుపల ఆకుల గోడ, లోపల ఎండుపుల్లలు మిగులుతాయి. ఏటా కొన్ని కొమ్మలను మొదలు దాకా తీసేసి లోపలికి వెలుగు పంపడం మంచి పద్ధతి.

తాటిచెట్టులో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే ఇందులోనూ ఆడ, మగ మొక్కలు వేరు. మే, జూన్ నెలల్లో పూసే చిన్న తెల్లపూలకు తేనెటీగలు వస్తాయి. దగ్గరలో మగమొక్క ఉంటేనే ఆడమొక్కకు నల్లటి పళ్లు కాస్తాయి. ఆ పళ్లు మనిషి తినేవి కావు, పసిపిల్లలున్న ఇంట్లో చూసుకోవాలి. గింజ మొలవడానికి రెండేళ్లు పట్టవచ్చు, మొలిచినా తల్లి రకం లక్షణాలు రావు. కాబట్టి పెంపకందార్లంతా కొమ్మలనే నమ్ముకుంటారు. జూలై, ఆగస్టుల్లో సగం ముదిరిన నాలుగంగుళాల కొమ్మను తీసి, కింది ఆకులు రాల్చి, వేరుమందు అద్ది తడి ఇసుకలో గుచ్చి నీడలో ఉంచితే దాదాపు రెండు నెలల్లో వేర్లు వస్తాయి. ఆ లేతమొక్కను తొలి చలికాలం కుండీలోనే దాటించి, వసంతంలో నేలకు మార్చాలి.